మైకు టీచరు నోరు కట్టుకున్న రోజు

మా బడిలో లెక్కలు చెప్పేవాళ్లం ఇద్దరమే. పదో తరగతికి మైకు టీచరు, కింది తరగతులకు నేను. మైకు అన్నది ఆవిడ ఇంటిపేరు కాదు, పిల్లలు పెట్టిన పేరు. ఒక ఏడాది వార్షికోత్సవంలో కరెంటు పోయి అసలు మైకు మూగబోతే, ఆవిడ వేదికెక్కి బహుమతులొచ్చినవాళ్ల పేర్లన్నీ గడగడా చదివేసింది. వెనక వరసలో నిలబడ్డ తండ్రులకే కాదు, రోడ్డుకి అవతల బస్సు కోసం చూస్తున్నవాళ్లకి కూడా ఎవరికి ఏ బహుమతి వచ్చిందో తెలిసిపోయింది. ఒకాయన బస్సు వదిలేసుకుని మరీ చప్పట్లు కొట్టాడట.

మాది సిస్టర్లు నడిపే కథోలిక హైస్కూలు. ఆవిడ మొదట కాన్పు సెలవులో ఉన్న ఇంకో టీచరు బదులుగా కొద్ది రోజులకని వచ్చింది. ఆ టీచరు సెలవు అయిపోయి గేటు దాకా వచ్చి, లోపల్నించి వినబడుతున్న పాఠం విని, "నా తరగతి బాగానే ఉంది, నన్నిక పసిబిడ్డ దగ్గరే ఉండనివ్వండి" అని వెనక్కి వెళ్లిపోయిందని మా స్టాఫ్ రూములో చెప్పుకుంటారు. చెప్పింది మైకు టీచరే కాబట్టి ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం.

పదో తరగతి, ఆరో తరగతి ఒకే పెద్ద హాలు. మధ్యలో చెక్కలు కొట్టి రెండు గదులు చేశారు. అటు ఆవిడ, ఇటు నేను. నా ఆరో తరగతి పిల్లలు చిన్న చిన్న భాగహారాలు చేసుకుంటూ మధ్యలో తలెత్తి, "సార్, చక్రవడ్డీ అంటే ఏంటి?" అని అడిగేవారు. నా గొంతు మాత్రం ఆ చెక్క దాటి అటు వెళ్లిన దాఖలా లేదు.

ఆవిడ పాఠం వింటే ఎవరికైనా లెక్క వచ్చి తీరాల్సిందే. పుస్తకంలోని ఉదాహరణలు ఆవిడకి గిట్టవు. అన్నీ ఇంట్లోంచే తెచ్చేది. వాళ్లాయన గడియారాలు బాగుచేసే మనిషి. ఇంట్లో టిక్కుటిక్కుమని మాట్లాడేవి గడియారాలే గానీ ఆయన కాదు. "మా ఆయన రోజుకి ఇన్ని మాటలు మాట్లాడితే, ఏడాదికి సగటు ఎంత?" అని అడిగితే తరగతంతా పడిపడి నవ్వుతూ సగటు నేర్చేసుకునేది. ఆయన వంతు అయిపోయాక కూతురి వంతు వచ్చింది. "మా అమ్మాయి పొద్దున్నే పావుగంట అద్దం ముందు నిలబడుతుంది. ఏడాదిలో అద్దానికి ధారపోసిన గంటలెన్ని?" అన్నది ఒక లెక్క. ఆ లెక్క చేసిన పదో తరగతి పిల్లలు బడి వదలగానే, కింది తరగతిలో ఉన్న ఆ అమ్మాయిని వీధిలో "అద్దం! అద్దం!" అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ అమ్మాయి తండ్రి పోలిక. నెమ్మది. గొంతు పెద్దది చేసి మాట్లాడగా మేమెవరం వినలేదు. తొమ్మిది పాసై ఇంటికొచ్చిన రోజున మాత్రం పుస్తకాల సంచి కింద పెట్టకుండానే విషయం తేల్చేసిందట.

"అమ్మా, పదో తరగతికి ఈ ఏడాది కూడా నువ్వే వస్తావా?"

"నేను కాకపోతే ఎవరొస్తారే? ఆరో తరగతి మాస్టారా? ఆయన గొంతు మొదటి బెంచీ కూడా దాటదు!"

(ఇదంతా నాకు చెప్పింది ఆవిడే. నా మొహం మీదే చెప్పింది. మా ఇంట్లో జరిగేవి మా ఆవిడ కూడా అంత వివరంగా నాకు చెప్పదు.)

"అయితే నేను పిన్ని దగ్గరికి వెళ్లి చదువుకుంటా."

"ఎందుకే? నేనేమైనా కొడతానా, తిడతానా?"

"నువ్వు నన్ను లెక్కల్లో పెడతావమ్మా. ఇన్నాళ్లూ నేను లేనప్పుడు పెట్టావు. ఇప్పుడు నేను అక్కడే కూర్చునుంటా. అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. నేను చచ్చిపోతాను సిగ్గుతో."

"ఏదో నవ్వించడానికి..."

"నువ్వు నవ్విస్తావు. నవ్వులపాలయ్యేది నేను."

తండ్రి కంటికి తగిలించుకున్న భూతద్దం తీయకుండానే, "అడిగెయ్ మీ పెద్ద సిస్టర్‌ని. ఆరో తరగతి తీసుకో," అన్నాడట. ఆయన ఏడాది సగటులో అది పెద్ద ప్రసంగమే.

"సరే, అడుగుతా," అని మాటిచ్చింది ఆవిడ. సెలవులన్నీ ముందున్నాయి. పెద్ద సిస్టర్ మఠం బడి వెనకాలే. అడగడానికి ఎంతసేపు?

కానీ మొదట్లో పెద్ద సిస్టర్ ధ్యానానికని ఊరెళ్లింది. వచ్చాక జలుబు చేసింది. జలుబు తగ్గాక బడికి సున్నాలు వేయించడం మొదలుపెట్టింది. "తల నిండా సున్నం పెట్టుకుని నిచ్చెన పట్టుకున్న మనిషిని ఏమని అడుగుతాం మాస్టారూ?" అంది నాతో. రోజూ సాయంత్రం వాళ్లాయన "అడిగావా?" అంటాడు. ఆవిడ "రేపు" అంటుంది. కూతురు అటక మీది ట్రంకు పెట్టె దించి, బట్టలు సర్ది, గుమ్మం పక్కన పెట్టింది. వచ్చేపోయేవాళ్లందరి కాళ్లకీ అది తగులుతోంది. ఎక్కువగా తల్లి కాలికే. బొటనవేలు వాచిపోయి ఆవిడ కుంటుతూ నడవడం నేను కళ్లారా చూశాను.

ఇక్కడ మా బడి ఆచారం ఒకటి చెప్పాలి. కొత్త ఏడాది మొదలయ్యే ముందు రోజు మా టీచర్లందరికీ మౌనదినం. పొద్దున గంట కొట్టింది మొదలు సాయంత్రం గంట కొట్టేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. పాఠాలు చెప్పే నోరు ముందు కాస్త శుద్ధి కావాలని సిస్టర్ల ఉద్దేశం. చీటీలు రాసుకున్నా మాట్లాడినట్టే. ఎందుకంటే ఒక ఏడాది మా డ్రాయింగు మాస్టారు, రాయడం కదా వద్దన్నారు అని, తనకి కావలసినవన్నీ బొమ్మలు గీసి అడిగాడు. అప్పట్నించి పెన్సిళ్లు కూడా గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్లాలి.

సాయంత్రం చాపెల్లో తరగతి గదుల తాళంచెవులన్నీ పళ్లెంలో పెట్టి, వాటిమీద తీర్థజలం చిలకరించి, ఫాదర్ ఒక్కొక్కరి చేతిలో ఒక్కోటి పెడతారు. ఏ తాళంచెవి అందుకుంటే ఏడాది పొడుగునా ఆ తరగతి మనది. హాజరు, పాఠం, మందలింపు, తల్లిదండ్రుల గొడవలు, అన్నీ. దీవించి ఇచ్చిన తాళంచెవి మళ్లీ మార్చమని అడిగినవాళ్లు మా బడిలో ఇంతవరకు లేరు.

అంటే ఆవిడకి మిగిలిన గడువు మౌనదినం పొద్దున గంట కొట్టే దాకానే. అందుకే ఆ రోజు పెందలాడే బయల్దేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ పాపం ఊరికే అన్నాడు, "బాగున్నారా అమ్మా, కుంటుతున్నారేంటి?" అని.

అంతే. ట్రంకు పెట్టె దగ్గర మొదలుపెట్టి, పిన్ని ఊరు, పిన్ని మొగుడి కోపం, ఆ ఊళ్లో బడి మంచిదా కాదా, హాస్టలు కన్నా పిన్ని ఇల్లు నయమా... ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. బాబాయ్ తలూపుతూ గంట తాడు వైపు నడిచాడు, ఆవిడ చెబుతూ వెంటే నడిచింది. ఆయన తాడు పట్టుకున్నాడు, ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. చెట్టు కింద పెద్ద సిస్టర్ ఒంటరిగా నిలబడి ఉంది. మైకు టీచరుకి అప్పుడు గుర్తొచ్చింది. గబగబా కుంటుకుంటూ వెళ్లి, "సిస్టర్, అసలు..." అంది.

ఠంగున గంట మోగింది.

పెద్ద సిస్టర్ చిరునవ్వుతో వేలు పెదవుల మీద పెట్టుకుంది. "అసలు" తర్వాతి మాట మైకు టీచరు గొంతులో వెలక్కాయలా ఉండిపోయింది.

ఆ రోజంతా ఆవిడ కాలుకాలిన పిల్లిలా తిరిగింది. మేమంతా తలో మూల కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటున్నట్టు కళ్లు మూసుకుని, నిజానికి కునికిపాట్లు పడుతున్నాం. ఆవిడ వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ. చెప్పుల చప్పుడు ఒకటి తగ్గి ఒకటి హెచ్చి, కుంటి నడక కదా, కళ్లు మూసుకున్నా ఎక్కడుందో తెలిసిపోతోంది. పెద్ద సిస్టర్ తోటలోకి వెళ్తే తోటలోకి. సిస్టర్ వెనక్కి తిరిగి, ఈవిడకి తోటపని మీద మనసు పుట్టిందనుకుని, నీళ్లడబ్బా చేతికిచ్చి కుండీలు చూపించింది. ఆవిడ నీళ్లు పోసింది. పోసిన కుండీకే మళ్లీ పోసింది. సిస్టర్ భోజనాల గదిలోకి వెళ్తే అక్కడికీ. రొట్టె ముక్క పట్టుకుని ఎదురుగా కూర్చుని, తినకుండా, కళ్లు ఇంతింత చేసి చూస్తోంది. సిస్టర్ తన పళ్లెంలోని ఉడకబెట్టిన గుడ్డు తీసి ఆవిడ పళ్లెంలో వేసింది. తర్వాత మెట్ల మీద వెంటబడితే తన జేబులోని జపమాల ఇచ్చింది. ఇంత భక్తి ఈ టీచరులో ఎప్పుడూ చూడలేదన్నట్టుంది సిస్టర్ మొహం. మాకు నవ్వాగడం లేదు. మౌనంలో నవ్వకూడదని ఎవరూ చెప్పలేదు గానీ, చప్పుడు కాకుండా నవ్వడం కొందరికి చేతకాదు. డ్రాయింగు మాస్టారికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

ఆఖరికి పెద్ద సిస్టర్‌కి ఏదో అర్థమైనట్టు తలూపి, ఆవిడ భుజం తట్టి, చాపెల్లో ఓ మూలనున్న చెక్క గది వైపు వేలు చూపించింది. చేసిన తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనం వినడానికి ఫాదర్ అందులో కూర్చుని ఉన్నారు. జాలీ కిటికీ, ఇవతల మోకరించడానికి చిన్న పీట.

మైకు టీచరు మొహం వెలిగిపోయింది. ఆ రోజు మొత్తం బడిలో నోరు విప్పడానికి అనుమతి ఉన్న చోటు అదొక్కటే.

ఆవిడ వెళ్లి మోకరించింది. బెంచీల మీద వంతు కోసం కూర్చున్న మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుని, మర్యాదగా లేచి బయటికి నడిచాం. ఆవిడకి గుసగుసలాడడం రాదు. లోపల ఏం జరిగిందో మేం వినలేదు, ఫాదర్ ఈనాటికీ చెప్పలేదు. ఆవిడే చెప్పింది, తర్వాత, అందరికీ.

"ఫాదర్, సాయంత్రం నాకు పదో తరగతి తాళంచెవి ఇవ్వొద్దని పెద్ద సిస్టర్‌కి కాస్త చెప్పండి."

"ఇది పాపమా అమ్మా?"

"పాపం కాదు ఫాదర్, పని."

"పనైతే ఆఫీసులో చెప్పాలి కదమ్మా."

"ఆఫీసులో ఇవాళ మాట్లాడకూడదు కదా. అందుకే ఇక్కడికొచ్చాను."

జాలీ అవతల దగ్గు వినబడింది. నవ్వో దగ్గో ఆవిడకి తెలియలేదు.

"ఇక్కడ విన్నది నేను బయటికి మోసుకెళ్లనమ్మా. నీకు తెలుసు కదా."

"పాపాలైతే మోయకూడదు. ఇది మోయండి, నేనేమీ అనుకోను."

"నువ్వనుకోవు. నేను ఫాదర్‌నయ్యాక ఈ గదిలోంచి ఒక్క మాటా గడప దాటించలేదు. నీ తాళంచెవితో మొదలుపెట్టమంటావా? నువ్వు చెప్పావు, నేను విన్నాను. ఇహ సాయంత్రం ఆ తాళంచెవి నీకు ఇచ్చేది నేనే, ఏమీ తెలియనివాడిలా ఇవ్వాల్సిందే."

ఆవిడ ఉన్న ఒక్క దారీ తనే మూసేసుకుంది.

"మరి సెలవులన్నీ ఉన్నాయి. అప్పుడెందుకు అడగలేదు?" అన్నారు ఫాదర్.

ధ్యానం, జలుబు, సున్నం, అన్నీ వరసగా చెప్పుకొచ్చింది.

"అవన్నీ సిస్టర్ కారణాలు. నీ కారణం చెప్పమ్మా."

ఆవిడ నోరు తెరిచి మూసింది. మళ్లీ తెరిచింది. చివరికి నోటివెంట వచ్చిందిది:

"మా అమ్మాయికి లెక్కలు నేను చెప్పాలని ఉంది ఫాదర్. అది పుట్టినప్పట్నించీ ఈ ఏడాది కోసమే చూస్తున్నా. ఇంట్లో కూర్చోబెట్టి చెబితే లేచిపోతుంది. తరగతిలో అయితే లేవడానికి వీల్లేదు కదా అని..."

జాలీ అవతల ఫాదర్ కుర్చీ కాస్త దగ్గరికి జరిగింది.

"పాపం కాదు, పని అన్నావు. ఇప్పుడు చెప్పావు చూడు, ఈ పీట ఉన్నది ఇందుకు. ఒక పరలోక జపం చెప్పుకో. ఆ తర్వాత, చెప్పాల్సిన మాట చెప్పాల్సినవాళ్లకి చెప్పు."

"ఎప్పుడు ఫాదర్? సాయంత్రం దాకా మౌనం. మౌనం అయ్యేసరికి తాళంచెవి నా చేతిలో ఉంటుంది!"

"అది నాకు తెలియదమ్మా," అన్నారు ఆయన. "అసలు నాకేమీ తెలియదు."

సాయంత్రం చాపెల్లో వరసగా నిలబడ్డాం. మేడ మీద పాటల పిల్లలు, మర్నాటి కొత్త ఏడాది పూజకి సాధన కోసం వచ్చినవాళ్లు. వాళ్లలో ఆ అమ్మాయి కూడా ఉంది, రెప్పవేయకుండా కిందికే చూస్తూ. తల్లి చేతికి ఏ తాళంచెవి వస్తుందో తెలిస్తే, ట్రంకు పెట్టె కదలాలో వద్దో తేలుతుంది.

చిన్న తరగతి నుంచి మొదలు. పెద్ద సిస్టర్ పళ్లెంలోంచి తీసి ఫాదర్‌కి ఇవ్వడం, ఆయన మాకు ఇవ్వడం. ఆరో తరగతిది నా చేతికి వచ్చింది. తడిగా, చల్లగా ఉంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది అయిపోయాయి. పళ్లెంలో ఆఖరిది, పొడుగు కాడ తాళంచెవి మిగిలింది. వరసలో ఆఖర్న మైకు టీచరు మిగిలింది.

ఫాదర్ ఆ తాళంచెవి పట్టుకుని చెయ్యి చాపారు. చూపు మాత్రం ఆవిడ మీద లేదు. పైకప్పు వైపు, అక్కడేదో పిట్టగూడు కొత్తగా కనబడ్డట్టు, మెడ నొప్పెట్టేలా చూస్తున్నారు. ఆవిడ చెయ్యి చాపింది. వెనక్కి తీసుకుంది. మళ్లీ చాపి, వేళ్లు ముడిచేసింది. రోజూ అన్ని మాటలు ఖర్చుపెట్టే మనిషికి ఆ క్షణాన ఒక్క మాట పుట్టడం లేదు. పెద్ద సిస్టర్ కనుబొమలు ఎగరేసింది. ఎవరి చెప్పులో కిర్రుమన్నాయి.

అప్పుడు ఆవిడ ముందుకి వంగి, పెద్ద సిస్టర్ చెవి దగ్గర నోరు పెట్టి, తన లెక్కన గుసగుసగా చెప్పింది:

"సిస్టర్! నాకు పదో తరగతి వద్దు! నేనుంటే మా అమ్మాయి ఉండనంటోంది!"

చాపెల్ పైకప్పు ఎత్తు. అది ఆ మాటని అందుకుని, అటూ ఇటూ తిప్పి, "ఉండనంటోంది... నంటోంది..." అని మాకు తిరిగిచ్చింది. పెద్ద సిస్టర్ చెవి మూసుకుంది. మేడ మీంచి ఒక పాటల పుస్తకం దభీమని కింద పడింది. ఆ వెనకాలే కిసకిసలు. తలెత్తి చూద్దును కదా, ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పేసుకుంది.

పెద్ద సిస్టర్ మౌనం తప్పలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి ఆరో తరగతి తాళంచెవి లాక్కుంది. అది ఫాదర్‌కి ఇచ్చి, ఆయన చేతిలోది తెచ్చి నా చేతిలో పెట్టింది. నన్నెవరూ అడగలేదు. అడిగినా మౌనదినం, ఏం చెబుతాను? ఫాదర్ మాత్రం బస్తా దించుకున్న మనిషిలా ఊపిరి వదిలి, పైకప్పు మీంచి చూపు దించి, ఆవిడకి ఆరో తరగతి తాళంచెవి ఇస్తూ దీవెన ప్రార్థన మిగతా అందరికన్నా గట్టిగా చదివారు.

గంట కొట్టగానే అందరం ఒక్కసారే మాట్లాడేశాం. ఆ గోలలో ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చింది, మొహం ఎర్రగా.

"అమ్మా! ఇంతమంది ముందా?"

"నువ్వే కదే అడగమన్నావు!"

"మెల్లగా అడగమన్నా!"

"మెల్లగానే కదే అడిగాను!" అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆ అమ్మాయి గేటు వైపు చరచరా నడిచింది. వెనకాల తల్లి కుంటుకుంటూ. మూల తిరిగేదాకా ఇద్దరి మధ్యా ఎడం అలాగే ఉంది.

మర్నాడు పూజ అయ్యాక నేను పదో తరగతి తలుపు తీశాను. పెద్ద తరగతికి చెప్పడం నాకూ కొత్తే. కొత్త సున్నం వాసన, కొత్త బూట్ల కిర్రు, బెంచీల మీద ఒక్కరూ కుదురుగా లేరు. ఆ అమ్మాయి కోసం కళ్లతో వెతికాను. ఉంది. చెక్క అడ్డం పక్కన ఆఖరి బెంచీలో. కానీ సంచి ఒళ్లోనే పెట్టుకుని ఉంది, ఏ నిమిషానైనా లేచిపోయే దానిలా. హాజరు పిలుస్తూ దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అడిగాను.

"పెట్టె విప్పేశావా తల్లీ?"

"ఇంకా లేదు సార్," అంది. "ఇవాళ చూసి..."

ఏం చూసి అని అడిగేలోపే చెక్క అవతల మైకు మోగింది.

"పిల్లలూ! ఒక ఇంట్లో గుమ్మం పక్కన ఒక ట్రంకు పెట్టె ఉంది!"

నా తరగతి తరగతంతా ఒక్కసారిగా ఆఖరి బెంచీ వైపు తిరిగింది. ఆ అమ్మాయి సంచి పట్టీ బిగించి పట్టుకుంది.

"ఆ పెట్టెలో..."

ఆగిపోయింది. ఆ చెక్కకి ఇవతల ఎన్నో ఏళ్లు కూర్చున్నవాణ్ణి, అవతల్నించి అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కుంటి అడుగులు అటు వెళ్లాయి, ఇటు వచ్చాయి, మళ్లీ అటు వెళ్లాయి.

"కాదు, కాదు. పెట్టె లేదు. ఒక బుట్ట ఉంది. బుట్టలో పన్నెండు నిమ్మకాయలున్నాయి."

ఆఖరి బెంచీలో ఆ అమ్మాయి నోరు తెరుచుకుని చెక్క వైపే చూస్తోంది.

"ఆ పన్నెండింటిలో మూడో వంతు కుళ్లిపోయాయి. మిగిలినవెన్ని? తొమ్మిది! రాసుకోండి."

ఇన్నేళ్లలో ఆవిడ లెక్క తప్పడం అదే మొదటిసారి. నిమ్మకాయలు అలవాటు లేదు, పాపం. నా తరగతిలో ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. నేను గొంతు సవరించుకున్నాను గానీ, నా గొంతు ఆ చెక్క దాటదని అందరికీ తెలుసు.

అప్పుడు ఆ అమ్మాయి లేచి నిలబడి, చెక్క వైపు తిరిగింది.

"ఎనిమిది, అమ్మా!"

కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ ఉలిక్కిపడి లేచి నిలబడటం నాకు కనబడింది. తండ్రి పోలిక అనుకున్న పిల్ల! తన గొంతుకి తనే హడలిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చెక్క అవతల సుద్దముక్క నేల మీద పడిన చప్పుడు. తర్వాత, వీలైనంత మామూలుగా, కానీ చివర్లో కాస్త జీరపోతూ వచ్చింది మైకు.

"ఎనిమిదే! తుడిచేయండి. పై తరగతిలో ఎవరో అమ్మాయి చెప్పింది. ఎవరైతే మనకెందుకు? చప్పట్లు కొట్టండి!"

ఆరో తరగతి చప్పట్లు కొట్టింది. ఆ అమ్మాయి కూర్చుని, ఒళ్లో సంచి తీసి బెంచీ కిందకి తోసింది.